మన వంటిల్లు: అందరికీ ఒకే పళ్ళెము



మన సంఘములలో కూడిక అంటే తినుబండారము లేకుండా ఉండదు. గృహ ప్రార్థన ముగియగానే టీ, బిస్కెట్లు. స్త్రీల సమాజములో ఎవరి పుట్టినరోజైనా కేకు. క్రిస్మస్ కారల్స్ బృందము గుమ్మములోకి వస్తే అరిసెలు, గులాబీ పువ్వులు, పిల్లల కోసము చాక్లెట్లు. పంచిపెట్టుట మనకు ఆనందము. అయితే షుగరు వ్యాధి ఉన్నవారి దగ్గరకు వచ్చేసరికి మనము రెండు విధాలుగా పొరపాటు పడుతూ ఉంటాము. "అయ్యో, మీరు తినరు కదా" అని పళ్ళెమును వారి ముందునుండి దాటించేస్తాము. లేదా "ఒక్కటి తింటే ఏమీ కాదులెండి" అని బలవంతము చేస్తాము. మొదటిది వారిని పంక్తిలోనుండి లేపినట్లు అవుతుంది. రెండవది వారి ఒంటికి హాని చేస్తుంది. రెండూ ప్రేమతో చేసేవే, అందుకే ఈ సంగతి మాట్లాడుకోవాలి.

ఇటువంటివారు మన మధ్య ఒకరిద్దరే అనుకోవద్దు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన దేశవ్యాప్త అధ్యయనము ఫలితములు 2023లో వెలువడినవి. దాని ప్రకారము 2021 నాటికి మన దేశములో మధుమేహము ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. ఆ వ్యాధి అంచున ఉన్నవారు మరో 13 కోట్ల 60 లక్షల మంది. ఆదివారము ఆరాధనలో ఏ వరుసలో చూసినా వారు ఉంటారు.

కొరింథీ సంఘమువారు ఒకచోట కూడి తింటున్నప్పుడు ఒకరు కడుపు నిండా తిని, మరొకరు ఆకలితో ఉండిపోవుట అపొస్తలుడైన పౌలును ఎంత బాధపెట్టిందో మొదటి కొరింథీ పత్రిక 11వ అధ్యాయములో చూస్తాము. అక్కడ పేదవారు మిగిలిపోయారు. ఇక్కడ వ్యాధిగ్రస్తులు మిగిలిపోతున్నారు. కాబట్టి ఈ నెల మన శీర్షికలో పంచదార లేకుండా, పిండిపదార్థములు తక్కువగా, ఇంటిలోనే చాక్లెట్లు చేసుకొనుట నేర్చుకుందాము. ఇవి షుగరు ఉన్నవారికి విడిగా పెట్టే పథ్యము కాదు. తాతగారు, మనవరాలు ఒకే పళ్ళెములోనుండి తీసుకొని తినగలిగినవి.

కోకో సంగతి

చాక్లెట్టు అనగానే తీపి అనుకుంటాము గాని, కోకో గింజ స్వభావముచేత చేదు. గింజలను పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, నూరి, అందులోని వెన్నవంటి కొవ్వును చాలావరకు పిండి తీయగా మిగిలిన చెక్కను పొడి చేస్తే కోకో పొడి అవుతుంది. ఇది మనకు దూరపు సరుకు కాదు. మన దేశములో కోకోను ఎక్కువగా పండించే రాష్ట్రము ఆంధ్రప్రదేశే. ఏలూరు, పశ్చిమ గోదావరి ప్రాంతములలో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడన అంతరపంటగా పండుతున్నది.

ఉత్త కోకో పొడి 100 గ్రాములలో పిండిపదార్థములు సుమారు 58 గ్రాములు ఉంటాయి. ఆ లెక్క చూసి కంగారు పడనక్కరలేదు. అందులో సగానికి పైగా పీచుపదార్థమే. పీచు రక్తములోకి చక్కెరగా చేరదు. పైగా ఒక మనిషి తినే చాక్లెట్టు బిళ్ళలో పడే కోకో రెండు, మూడు గ్రాములే. ఇబ్బంది కోకోతో కాదు, దానికి మనము కలిపే వాటితో వస్తుంది. బజారులో దొరికే మామూలు పాల చాక్లెట్టులో దాదాపు సగము పంచదారే.

కొట్టుకు వెళ్ళినప్పుడు రెండు సంగతులు చూసుకోండి. మొదటిది, "డ్రింకింగ్ చాక్లెట్" అని అమ్మేది వేరు, కోకో పొడి వేరు. మొదటిదానిలో పంచదార కలిసి ఉంటుంది. డబ్బా వెనుక కలిపిన పదార్థముల పేర్లు ఉంటాయి. ఏది బరువులో ఎక్కువో దాని పేరు ముందు వ్రాయాలని మన దేశపు నియమము. పంచదార పేరు ఎక్కడ కనబడినా ఆ డబ్బా మన పనికి రాదు. రెండవది, పాలపొడి, కోవా, డబ్బా తీపిపాలు. పంచదార వేయకపోయినా పాలపొడిలో మూడో వంతుకు పైగా పాల చక్కెర ఉంటుంది. డబ్బా తీపిపాలలో ఆ పాల చక్కెరకు తోడు పంచదార కూడా చాలా ఉంటుంది. అందుకే ఈ వంటలలో వాటిని వాడలేదు.

తీపికి ఏమి వాడాలి?

"పంచదార మానేసి బెల్లము వేశామండీ", "తేనె సహజమైనది కదా", "ఖర్జూరమైతే పండే కదా" అని చాలామంది సహోదరీలు చెబుతుంటారు. బెల్లములో, తేనెలో నూటికి సుమారు 80 పాళ్ళు చక్కెరలే. ఎండు ఖర్జూరములో నూటికి 60 పాళ్ళకు పైనే. ఖర్జూరములో పీచు, బెల్లములో కొద్దిగా ఖనిజములు ఉన్నమాట నిజమే. షుగరు వ్యాధి ఉన్నవారి రక్తములో మాత్రము ఇవన్నీ చక్కెరగానే లెక్కకు వస్తాయి. దేవుడిచ్చిన తేనెను కూడా తగినంత మట్టుకే తినవలెనని సామెతల గ్రంథము 25వ అధ్యాయములో జ్ఞాని హెచ్చరించాడు.

పంచదారకు బదులుగా మందుల షాపులలో, పెద్ద కిరాణా కొట్లలో దొరికేవి ఇవి:

స్టీవియా: దీనిని మధుపత్రి అని కూడా అంటారు. పరాగ్వే ప్రాంతపు మొక్క. దాని ఆకులనుండి తీసిన సారము పంచదార కంటె 200 నుండి 300 రెట్లు తీపి. 2015లో మన ఆహార భద్రతా సంస్థ దీనికి అనుమతి ఇచ్చింది. నాలుకపై చివరికి కాస్త చేదు మిగులుతుంది. చిటికెడు ఉప్పు, యాలకుల పొడి దానిని కప్పేస్తాయి.

సుక్రలోజ్: పంచదార కంటె సుమారు 600 రెట్లు తీపి. ఇంత కొంచెము వస్తువును చెంచాతో కొలవలేము కాబట్టి దానికి వేరే పొడి కలిపి అమ్ముతారు. ఆ కలిపినది మాల్టోడెక్స్‌ట్రిన్ గాని డెక్స్‌ట్రోజ్ గాని అయితే, అది రక్తములో చక్కెరను పెంచేదే. చిన్న చెంచాతో ఫరవాలేదు గాని, కప్పులతో పోసే వంటలో లెక్కకు వస్తుంది. ప్యాకెట్టు వెనుక చదివి కొనండి.

ఎరిథ్రిటాల్: చూపుకు పంచదారలాగే ఉంటుంది. తీపి మాత్రము పంచదారలో 60, 70 పాళ్ళు. నోటిలో చల్లగా తగులుతుంది. రక్తములో ఇది ఎక్కువగా ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతము ఎక్కువగా కనబడినవని 2023లో అమెరికాలో ఒక అధ్యయనము తెలిపింది. దానికి కారణము ఇదేనని రుజువు కాలేదు. అయినా గుండె జబ్బు ఉన్నవారు తమ డాక్టరును అడగకుండా వాడకపోవుట మంచిది.

ఆస్పర్టేమ్: వేడికి దీని తీపి తగ్గిపోతుంది కాబట్టి పొయ్యిమీది వంటకు పనికిరాదు. ఫినైల్‌కీటోనూరియా అనే పుట్టుకతో వచ్చే లోపము ఉన్నవారు దీనిని ముట్టరాదు.

ఇక "షుగర్ ఫ్రీ" అని పెద్ద అక్షరములతో వ్రాసిన బజారు మిఠాయిల మాట. 100 గ్రాములలో అర గ్రాముకు మించి చక్కెర లేకపోతే అలా వ్రాసుకొనుటకు మన నియమములు ఒప్పుకుంటాయి. కాని మైదా చక్కెర లెక్కలోకి రాదు. మాల్టిటాల్ అనే తీపి పదార్థమూ రాదు. మైదా కడుపులోకి వెళ్ళి చక్కెరే అవుతుంది. మాల్టిటాల్ కూడా పంచదార అంత కాకపోయినా రక్తములో చక్కెరను పెంచుతుంది. ఎక్కువ తింటే విరేచనములు పట్టుకుంటాయి. ఇంటిలో చేసుకుంటే ఏమి వేశామో మనకు తెలుస్తుంది. అదే దాని మేలు.

క్రింది వంటలలో "ఇన్ని చెంచాల పంచదారకు సమానమైన తీపి పొడి" అని వ్రాశాను. ఒక్కొక్క కంపెనీ పొడి ఒక్కొక్క బలము కలిగి ఉంటుంది కాబట్టి ప్యాకెట్టు మీది కొలత చూసి వేయండి. ముందు సగము వేసి, రుచి చూసి, తక్కినది కలపండి.

1. కోకో పల్లీ బిళ్ళలు

కావలసినవి: కోకో పొడి 50 గ్రాములు, వంటకు వాడే కొబ్బరినూనె 75 గ్రాములు, వేయించి పొట్టు తీసిన వేరుసెనగ గుళ్ళు 75 గ్రాములు, 8 చెంచాల పంచదారకు సమానమైన తీపి పొడి, యాలకుల పొడి పావు చెంచా, ఉప్పు చిటికెడు.

తయారు చేయు విధానము: గుళ్ళను బరకగా దంచి ఉంచుకోండి. కోకో పొడి, తీపి పొడి, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించండి. జల్లించకపోతే ఉండలు కట్టి, ఒకచోట చేదు, ఒకచోట తీపి తగులుతుంది. ఒక వెడల్పు గిన్నెలో నీళ్ళు వేడిచేసి, దానిపై నూనె గిన్నె పెట్టి, నూనె గోరువెచ్చన కాగానే దింపండి. జల్లించిన పొడిని కొంచెము కొంచెముగా వేస్తూ గరిటెతో కలపండి. దోసె పిండికన్నా పలుచగా, మెరుస్తూ రావాలి. యాలకుల పొడి, పల్లీల పలుకులు వేసి కలిపి, అరచేతి వెడల్పు పళ్ళెములలో గాని, ఐసు ముక్కల ట్రేలో గాని పోసి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. 20 ముక్కలు చేసుకోండి.

గిన్నె, గరిటె, ట్రే పొడిగా ఉండాలి. ఒక్క చుక్క నీరు పడినా కోకో ముద్దకట్టి, నూనె విడిపోతుంది. మరొక మాట, కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల వద్దే కరిగిపోతుంది. డిసెంబరు చలిలో సీసాలో గడ్డకట్టే నూనె, మే నెలలో నీళ్ళలా ఉండుట మనకు తెలిసినదే. కాబట్టి ఈ బిళ్ళలను తినేముందే ఫ్రిజ్‌లోనుండి తీయండి. రెండు వారములు నిలువ ఉంటాయి.

ఒక్క బిళ్ళలో పిండిపదార్థములు సుమారు 2 గ్రాములు. అందులో సగము పీచే. అంతే తూకము గల బజారు పాల చాక్లెట్టులో 5, 6 గ్రాములు ఉంటాయి.

2. కోకో నువ్వుల ఉండలు

కూడికకు తీసుకువెళ్ళుటకు ఇవి అనుకూలము. మన చిమ్మిలి ఉండలకు ఇవి చుట్టాలు, బెల్లము మాత్రము లేదు.

కావలసినవి: నువ్వులు 100 గ్రాములు, ఎండుకొబ్బరి తురుము 50 గ్రాములు, కోకో పొడి 20 గ్రాములు, నెయ్యి 2 పెద్ద చెంచాలు, 10 చెంచాల పంచదారకు సమానమైన తీపి పొడి, ఉప్పు చిటికెడు.

తయారు చేయు విధానము: నువ్వులను సన్నని సెగపై చిటపటలాడేవరకు వేయించి చల్లారనివ్వండి. కొబ్బరి తురుమును రంగు మారకుండా వెచ్చచేయండి. మొదట నువ్వులను రోటిలో గాని మిక్సీలో గాని ఆగి ఆగి తిప్పుతూ, చేతికి నూనె అంటేవరకు నూరండి. ఆ నూనెయే ఉండను పట్టి ఉంచుతుంది. తరువాత కొబ్బరి, కోకో, తీపి పొడి, ఉప్పు వేసి మరొకసారి తిప్పండి. కరిగిన నెయ్యి పోసి, గట్టిగా అదుముతూ 16 ఉండలు చేయండి. ఉండ నిలువకపోతే మరొక చెంచా నెయ్యి వేయండి, నీరు మాత్రము చల్లవద్దు. వారము రోజులు ఉంటాయి. ఒక్కొక్క ఉండలో పిండిపదార్థములు సుమారు 3 గ్రాములు, అందులో సగానికి పైగా పీచు.

3. కోకో పెరుగు మీగడ

పళ్ళు లేని పెద్దవారికి, పల్లీలు పడనివారికి ఇది చేసిపెట్టండి.

కావలసినవి: పులుపెక్కని గట్టి పెరుగు అర కిలో, కోకో పొడి 2 చిన్న చెంచాలు నిండుగా, అనగా సుమారు 10 గ్రాములు, 6 చెంచాల పంచదారకు సమానమైన తీపి పొడి, యాలకుల పొడి కొద్దిగా.

తయారు చేయు విధానము: పెరుగును పలుచని బట్టలో మూటకట్టి, గిన్నెపై వ్రేలాడదీసి, నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. నీరు కారి, సుమారు 200 గ్రాముల గట్టి పెరుగు మిగులుతుంది. కారిన నీటితోపాటు పాల చక్కెర కొంత పోతుంది. కోకో పొడిని రెండు చెంచాల వేడినీటిలో నున్నగా కలిపి చల్లార్చండి. దీనిలో నూనె లేదు కాబట్టి నీటి భయము లేదు. అన్నీ కలిపి కవ్వముతో నురగ వచ్చేవరకు చిలికి, నాలుగు చిన్న గిన్నెలలో పెట్టి చల్లబరచండి. గిన్నెకు సుమారు 4 గ్రాముల పిండిపదార్థములు. మరునాటికి మించి ఉంచవద్దు.

పంచదార లేదు గాని లెక్క ఉంది

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. పైన చెప్పిన పల్లీ బిళ్ళ ఒక్కదానిలో సుమారు 60 క్యాలరీలు ఉన్నాయి. నువ్వుల ఉండలో సుమారు 75. తూకానికి తూకము చూస్తే ఇది బజారు చాక్లెట్టుకన్నా తక్కువ ఏమీ కాదు. పంచదార స్థానములో నూనె, గింజలు వచ్చాయి. కొబ్బరినూనెలో నూటికి 80 పాళ్ళకు పైగా సంతృప్త కొవ్వు. కొలెస్టరాల్ ఉన్నవారికి అది మంచిది కాదు. "పంచదార లేదు కదా" అని డబ్బా ముందు కూర్చొని పది బిళ్ళలు తింటే మనము చేసిన మేలు అంతా పోయినట్లే. షుగరు ఉన్నవారైనా, లేనివారైనా పూటకు రెండు బిళ్ళలు, లేక ఒక ఉండ. అంతటితో డబ్బా మూత పెట్టండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఒక సలహా ఇచ్చింది. బరువు తగ్గుటకు ఈ తీపి పొడులను నమ్ముకోవద్దని దాని సారము. ఆ సలహా ఇప్పటికే మధుమేహము ఉన్నవారి కోసము చెప్పినది కాదు. కాని ఆరోగ్యముగా ఉన్న పిల్లలకు రోజూ వీటిని అలవాటు చేయనక్కరలేదని మనము గ్రహించవచ్చు. కూడికలో అందరితో కలిసి ఒకటి తినుట వేరు, ప్రతిదినము జేబులో వేసుకొని వెళ్ళుట వేరు. చేసిన ప్రతిసారీ తీపి పొడిని అర చెంచా తగ్గిస్తూ రండి. మూడు నాలుగు నెలలలో నాలుక దానికి అలవాటు పడుతుంది. కోకో అసలు రుచి అప్పుడు తెలుస్తుంది.

మూత్రపిండముల జబ్బు ఉన్నవారికి కోకో, పల్లీలు, నువ్వులు పడకపోవచ్చు. వీటిలో పొటాషియము, ఫాస్ఫరసు ఎక్కువ. వారు డాక్టరును అడిగిన తరువాతే తినాలి. వేరుసెనగ, నువ్వులు పడని పిల్లలు ఉంటారు. పంచేముందు తల్లిని అడగండి. పెంపుడు కుక్కకు ఏ చాక్లెట్టూ పెట్టవద్దు, కోకో దానికి విషము.

ప్రాణము మీది మాట

ఈ శీర్షికలో మిగతావన్నీ మరచినా ఇది మరువవద్దు. ఇన్సులిన్ తీసుకొనేవారికి, కొన్ని రకముల షుగరు బిళ్ళలు వాడేవారికి ఒక్కొక్కప్పుడు రక్తములో చక్కెర బాగా పడిపోతుంది. ఉపవాస ప్రార్థన రోజున, భోజనము ఆలస్యమైన రోజున ఇది ఎక్కువ. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, మాట తడబడుతుంది. అప్పుడు కంగారులో "ఏదైనా తీపి పెట్టండి" అని చేతికందిన చాక్లెట్టు పెడతారు. మనము చేసిన ఈ చాక్లెట్టు ఆ సమయములో ఎందుకూ పనికిరాదు. దీనిలో చక్కెర లేదు. బజారు చాక్లెట్టు కూడా త్వరగా పనిచేయదు, దానిలోని కొవ్వు చక్కెరను ఆలస్యము చేస్తుంది.

అప్పుడు కావలసినది 15 గ్రాముల గ్లూకోజు, లేక మూడు చెంచాల పంచదార కలిపిన నీళ్ళు. 15 నిమిషముల తరువాత నీరసము తగ్గకపోతే మరొకసారి ఇవ్వాలి. తేరుకున్నాక అన్నమో, రొట్టెయో పెట్టాలి. స్పృహ తప్పినవారి నోటిలో మాత్రము ఏమీ పోయవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

కాబట్టి మీరు ఈ బిళ్ళలు చేసిన డబ్బా మీద "పంచదార లేదు" అని స్పష్టముగా కాగితము అంటించండి. దాని పక్కనే ఒక గ్లూకోజు ప్యాకెట్టు ఉంచండి. ప్రార్థన కూడికలు జరిగే ప్రతి ఇంటిలోను, మందిరములోను అది ఉండవలసినదే.

ఆతిథ్యములో సత్యము

చివరిగా, పెట్టే విధానమును గూర్చి. వండుట సగము పనే. పళ్ళెము అందించేటప్పుడు ఏమి వేశారో చెప్పండి: "కోకో, పల్లీలు, కొబ్బరినూనె, స్టీవియా. ఒక్కదానిలో రెండు గ్రాముల పిండిపదార్థము." అంత చెప్పి ఊరుకోండి. తినాలో వద్దో వారికి తెలుసు, వారి మందులు వారికి తెలుసు. వద్దన్నవారిని రెండవసారి అడగవద్దు, ముఖము చిన్నబుచ్చుకోవద్దు. తీసుకున్నవారిని చూసి "మీకు షుగరు కదా!" అని పదిమందిలో అనవద్దు. అందరికీ ఒకే పళ్ళెము చేసే ఉద్దేశము, వ్యాధిని బట్టి ఎవరూ గుర్తింపబడకుండా ఉండుటకే.

పంచదార తగ్గితే మర్యాద తగ్గదు. ఎదుటివారి ఆరోగ్యమును తలచుకొని వండినది ఆలోచించి చేసిన ఆతిథ్యము. ఈ నెలలో మీ ఇంట ప్రార్థన పెట్టుకున్నట్లయితే, ముందురోజే కొద్దిపాటి కొలతతో ఒకసారి చేసి చూడండి. మీ ఇంటిలోని పెద్దవారికే మొదట రుచి చూపండి.

ప్రభువు మీ చేతి పనిని, మీ భోజనపు బల్లను, మీతో కూర్చుండు ప్రతివారిని దీవించి కాపాడును గాక. ఆమేన్.